పేజీ పక్కకు జారుతోందా? ఓవర్‌ఫ్లో, స్క్రోల్‌బార్ చిక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో వెబ్‌సైట్లు నడిపేవారు, వాటికి లేఅవుట్ రాసేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. పేజీ రూపాన్ని నిర్దేశించే భాష సీఎస్ఎస్. దాని మాటలను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇచ్చాం. ఫైలులో మాత్రం వాటిని మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. అన్నిటినీ వరుసగా చదవనక్కర్లేదు గానీ మొదటి మూడు ప్రశ్నలను దాటవేయకండి. మిగిలినవాటిలో సగం వాటి మీదే ఆధారపడ్డాయి.

ఫోనులో పేజీని వేలితో లాగితే పక్కకు జరుగుతోంది. కుడివైపు తెల్లటి పట్టీ కనిపిస్తోంది. ఏమైంది?

పేజీలో ఏదో ఒక పెట్టె తెర వెడల్పును మించిపోయింది. సీఎస్ఎస్ దృష్టిలో ప్రతి ఎలిమెంటూ, అంటే శీర్షిక, పేరా, చిత్రం వంటి ప్రతి భాగమూ, ఒక పెట్టే. లోపలి సరుకు పెట్టెలో పట్టకపోతే బ్రౌజర్ దాన్ని కత్తిరించదు, బయటికి పోనిస్తుంది. ఓవర్‌ఫ్లో అనే ప్రాపర్టీకి మనం ఏమీ రాయనప్పుడు ఉండే విలువ విజిబుల్ కావడమే ఇందుకు కారణం. అక్షరాలు మాయమైపోవడం కంటే వికారంగానైనా కనిపించడం మేలని అలా పెట్టారు. మంచి నిర్ణయమే. బయటికి పోయిన భాగాన్ని కూడా చూడగలిగేలా బ్రౌజర్ అడ్డంగా స్క్రోల్ చేసే వీలు కల్పిస్తుంది. మిగతా పేజీ అంత దూరం సాగదు కాబట్టి ఆ మేరకు ఖాళీ మిగులుతుంది. మీరు చూస్తున్న తెల్ల పట్టీ అదే.

ఒక సంగతి గుర్తుంచుకుంటే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది. ఎడమ నుంచి కుడికి రాసే భాషల పేజీలో కుడి అంచు దాటినదే స్క్రోల్‌ను తెస్తుంది. ఎడమ అంచు దాటి బయటికి పోయినది స్క్రోల్‌కు అందదు, దానివల్ల స్క్రోల్‌బార్ రాదు. కాబట్టి దోషి ఎప్పుడూ కుడివైపే ఉంటుంది.

పేజీ పక్కకు జరగడం కాకుండా మొత్తం చిన్నదైపోయి, అక్షరాలు చీమల్లా కనిపిస్తుంటే అది వేరే జబ్బు. హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫోను బ్రౌజర్లు పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పున వేసి, తెరకు పట్టేలా కుదిస్తాయి. విడ్త్ ఈక్వల్స్ డివైస్-విడ్త్ అని రాస్తే తీరిపోతుంది.

ఏ పెట్టె బయటికి పొడుచుకొచ్చిందో పట్టుకోవడం ఎలా?

మొదట అసలు ఓవర్‌ఫ్లో ఉందని రూఢి చేసుకోండి. డెవలపర్ టూల్స్ (బ్రౌజర్‌లోనే ఉండే పరీక్ష పనిముట్లు) కన్సోల్‌లో డాక్యుమెంట్ ఎలిమెంట్ తాలూకు స్క్రోల్‌విడ్త్ (సరుకు మొత్తం వెడల్పు), క్లయింట్‌విడ్త్ (కనిపించే వెడల్పు) అనే రెండు విలువలను అడగండి. మొదటిది రెండోదానికంటే పెద్దదైతే ఎవరో గీత దాటారు. రెండింటి తేడా ఎంతో రాసి పెట్టుకోండి, అది చాలా చెబుతుంది. 15 నుంచి 17 పిక్సెళ్ల తేడా ఉంటే స్క్రోల్‌బార్ వెడల్పును లెక్కలో కలపడం మరిచిపోయారన్నమాట. 24, 32 వంటి అంకె వస్తే ఎక్కడో ప్యాడింగ్ (పెట్టె అంచుకూ లోపలి సరుకుకూ మధ్య ఖాళీ) రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. 300 దాటితే చిత్రమో పట్టికో ప్రకటనో అయి ఉంటుంది.

తరువాత ఎలిమెంట్లన్నిటికీ కలిపి ఎర్రటి ఔట్‌లైన్ గీయించండి. నక్షత్రం గుర్తు సెలెక్టర్‌తో ఒక్క వరుస చాలు. బోర్డర్ వాడకండి. బోర్డర్‌కు సొంత మందం ఉంటుంది కాబట్టి అది లేఅవుట్‌ను జరిపి కొత్త ఓవర్‌ఫ్లో పుట్టిస్తుంది. ఔట్‌లైన్ లేఅవుట్ జోలికి పోదు. గీతల్లో ఏది కుడి అంచు దాటిందో కంటికే తెలిసిపోతుంది.

పెద్ద పేజీ అయితే కంటితో వెతకడం కష్టం. అప్పుడు కన్సోల్‌లోనే అన్ని ఎలిమెంట్లనూ ఒక లూప్‌లో తిప్పి, ఒక్కొక్కదానికి గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ పిలిచి, అందులోని రైట్ విలువ క్లయింట్‌విడ్త్‌ను దాటినవాటిని అచ్చు వేయించండి. రెండు జాగ్రత్తలు. సొంత స్క్రోల్ ఉన్న పెట్టె లోపల ఉండేవి కూడా ఈ జాబితాలోకి వస్తాయి, వాటి తప్పేమీ లేదు, వదిలేయండి. సీఎస్ఎస్‌తోనే పుట్టించే బిఫోర్, ఆఫ్టర్ అనే సూడో-ఎలిమెంట్లు మాత్రం ఈ జాబితాలో కనిపించవు. అలంకారం కోసం వాటితో గీసిన రిబ్బన్లు, నీడలు బయటికి పొడుచుకు రావడం మామూలే.

ఫైర్‌ఫాక్స్ వాడితే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. దాని ఇన్‌స్పెక్టర్‌లో స్క్రోల్ అయ్యే ఎలిమెంటు పక్కన స్క్రోల్ అనే చిన్న బిళ్ల కనిపిస్తుంది. దాన్ని నొక్కితే, ఆ స్క్రోల్‌కు కారణమైన ఎలిమెంట్ల పక్కన ఓవర్‌ఫ్లో అనే బిళ్ల వెలుగుతుంది. రోజూ క్రోమ్‌లో పనిచేసేవారు కూడా ఈ ఒక్క పని కోసం ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవచ్చు.

ఏదీ కుదరకపోతే మొరటు పద్ధతి ఉండనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌లో పేజీలోని పెద్ద భాగాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోండి. దేన్ని తీసినప్పుడు అడ్డ స్క్రోల్ పోయిందో, దొంగ అందులో ఉన్నట్టు. దాన్ని వెనక్కి తెచ్చి, దాని పిల్లలతో ఇదే పని చేయండి. కేవలం కనబడకుండా దాచితే చాలదు. విజిబిలిటీ హిడెన్ పెట్టిన ఎలిమెంటు లేఅవుట్‌లో తన చోటును వదలదు.

ఇంత వెతుకులాట దేనికి? బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్ అని రాసేస్తే పోతుంది కదా?

కంటికి కనిపించకుండా పోతుంది. చూరు కారుతున్నచోట బిందె పెట్టినట్టు. ఈ ఒక్క వరుస ఎన్నో థీముల్లో, టెంప్లేట్లలో ముందే రాసి ఉంటుంది. అందువల్ల అసలు తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది.

నష్టాలు మూడు. మొదటిది, పాఠకుడు చదవాల్సిన భాగం తెగిపోతుంది. పట్టికలో చివరి నిలువు వరుసలో ధర ఉందనుకోండి, అది తెర బయట ఉండిపోతుంది, అక్కడికి వెళ్లే దారి ఉండదు. అడ్డ స్క్రోల్ ఉన్నప్పుడు కనీసం వేలితో లాగి చూడగలిగేవాడు.

రెండోది, స్క్రోల్ చేసినా మెనూ వంటిదాన్ని తెర అంచున నిలిపి ఉంచే పొజిషన్: స్టికీ చెడిపోవచ్చు. స్టికీ ఎలిమెంటు తన పైనున్న దగ్గరి స్క్రోల్ పెట్టెకు అతుక్కుంటుంది. హిడెన్ రాసిన ప్రతి పెట్టే బ్రౌజర్ లెక్కలో స్క్రోల్ పెట్టే. స్క్రోల్‌బార్ కనిపించదు, అంతే తేడా. బాడీకి ఒక్కదానికే రాస్తే ఆ విలువ బ్రౌజర్ కిటికీకి బదిలీ అవుతుంది కాబట్టి గండం గడుస్తుంది. హెచ్‌టీఎంఎల్, బాడీ రెండింటికీ రాసినా, పేజీ మొత్తాన్ని చుట్టిన డివ్‌కు రాసినా స్టికీ మెనూ పైన నిలబడకుండా పేజీతో పాటు వెళ్లిపోతుంది. అది ఎందుకు పనిచేయడం లేదని ఆ మెనూ కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు, తప్పు ఎక్కడో పైన ఉంటుంది.

మూడోది, కీబోర్డుతో పేజీ చదివేవారి సంగతి. హిడెన్ పెట్టెను వేలితో, మౌసుతో జరపలేం గానీ, ట్యాబ్ నొక్కుతూ పోతున్నప్పుడు ఫోకస్ బయట ఉన్న లింకు మీదికి వెళితే బ్రౌజర్ పెట్టెను అటు జరిపేస్తుంది. వెనక్కి తీసుకురావడానికి స్క్రోల్‌బార్ ఉండదు. పేజీ సగం పక్కకు జరిగి అలాగే నిలిచిపోతుంది.

అలంకారం కోసం కావాలనే బయటికి పోనిచ్చిన వాటిని కత్తిరించడానికి హిడెన్ వాడవచ్చు. అప్పుడు కూడా బాడీకి కాదు, ఆ అలంకారం ఉన్న భాగానికి మాత్రమే రాయండి.

అలా కత్తిరించాల్సి వచ్చినప్పుడు హిడెన్ మేలా, క్లిప్ మేలా?

క్లిప్. అదీ ఓవర్‌ఫ్లోకు ఇచ్చే విలువే. కత్తిరిస్తుంది గానీ స్క్రోల్ పెట్టెను తయారు చేయదు. కాబట్టి స్టికీ చెడదు, ట్యాబ్ నొక్కితే పక్కకు జరగదు. క్రోమ్‌లో 2021 నుంచి, సఫారీలో 2022లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి ఉంది. ఇంకా పాత ఫోన్లు వాడే పాఠకులు మీకు ఉంటే ముందు హిడెన్ వరుస, దాని కింద క్లిప్ వరుస రాయండి. క్లిప్ తెలియని బ్రౌజర్ పై వరుసను తీసుకుంటుంది.

అడ్డంగా దాచమని మాత్రమే రాశాను. పెట్టెకు నిలువు స్క్రోల్‌బార్ ఎందుకు వచ్చింది?

ఒక దిక్కున హిడెన్, ఇంకో దిక్కున విజిబుల్ అనే జోడీని సీఎస్ఎస్ ఒప్పుకోదు. ఒకదానికి హిడెన్, ఆటో, స్క్రోల్‌లలో ఏదైనా ఇస్తే రెండో దిక్కున ఉన్న విజిబుల్ తనంతట తానే ఆటోగా మారుతుంది. లోపలి సరుకు ఒక్క పిక్సెల్ ఎక్కువైనా స్క్రోల్‌బార్ ప్రత్యక్షమవుతుంది. ఓవర్‌ఫ్లో-ఎక్స్: క్లిప్ అని రాస్తే ఈ మార్పిడి జరగదు, రెండో దిక్కు విజిబుల్‌గానే ఉంటుంది. క్లిప్‌కు ఓటు వేయడానికి ఇది మరో కారణం.

బ్యానర్‌కు వెడల్పు 100వీడబ్ల్యూ ఇచ్చాను. నా దగ్గర బాగుంది, క్లయింటు కంప్యూటర్‌లో మాత్రం అడుగున అడ్డ స్క్రోల్‌బార్ వస్తోందట.

మీది మ్యాక్, వారిది విండోస్ అయి ఉంటుంది. వీడబ్ల్యూ కిటికీ మొత్తం వెడల్పును కొలుస్తుంది, నిలువు స్క్రోల్‌బార్ ఆక్రమించిన చోటు కూడా అందులో కలిసే ఉంటుంది. విండోస్ క్రోమ్‌లో ఆ స్క్రోల్‌బార్ 15 నుంచి 17 పిక్సెళ్లు తీసుకుంటుంది. బ్యానర్ సరిగ్గా అంత మేర ఎక్కువైపోతుంది. మ్యాక్‌లో 2011 నాటి లయన్ వెర్షన్ నుంచి ట్రాక్‌ప్యాడ్ వాడేవారికి స్క్రోల్‌బార్ పేజీ పైన తేలుతూ కనిపించి మాయమవుతుంది, చోటు తీసుకోదు. ఫోన్లలోనూ అంతే. విండోస్ 11లో ఫైర్‌ఫాక్స్ కూడా 2022 నుంచి తేలే స్క్రోల్‌బార్లకే మారింది. అందుకే ఒకే పేజీ ఒకచోట శుభ్రంగానూ ఇంకోచోట వికారంగానూ ఉంటుంది.

మందు తేలిక: బ్యానర్‌కు 100 శాతం ఇవ్వండి. బ్లాక్ ఎలిమెంటు అయితే వెడల్పు అసలు రాయకపోయినా ఉన్న చోటంతా తీసుకుంటుంది. మధ్యలో ఉన్న సన్నటి కాలమ్ నుంచి బ్యానర్‌ను తెర అంచుల దాకా లాగాలంటేనే వీడబ్ల్యూ అవసరం పడుతుంది. అప్పుడు బయటి పెట్టెకు ఓవర్‌ఫ్లో-ఎక్స్: క్లిప్ ఇవ్వడం న్యాయమే.

మ్యాక్ మీద పనిచేసేవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్‌కు వెళ్లి స్క్రోల్‌బార్లు ఎప్పుడూ కనిపించేలా మార్చుకోండి. అందం కాస్త తగ్గుతుంది గానీ క్లయింటు చూసేదే మీరూ చూస్తారు.

ఫారంలో ఇన్‌పుట్ పెట్టెలు మాత్రమే బయటికి వస్తున్నాయి.

వెడల్పు 100 శాతం ఇచ్చి, ప్యాడింగ్ కూడా ఇచ్చి ఉంటారు. మామూలు లెక్కలో వెడల్పు అంటే లోపలి సరుకుది మాత్రమే. ప్యాడింగ్, బోర్డర్ దానికి అదనం. అన్ని ఎలిమెంట్లకూ బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్ అని ఒకసారి రాసేయండి. ఇప్పటి ఫ్రేమ్‌వర్కులు చాలావరకు ఇదే పని చేస్తాయి.

చిత్రాలు, యూట్యూబ్ వీడియోలు?

చిత్రాలకు మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో. వీడియోలను పొదిగే ఐఫ్రేములకు విడ్త్ 100 శాతం, ఆస్పెక్ట్-రేషియో 16 బై 9. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఫ్లెక్స్‌బాక్స్‌లో రెండు కాలమ్‌లు పెట్టాను. కుడి కాలమ్‌లో పొడవైన లింకు వస్తే లేఅవుట్ మొత్తం సాగిపోతోంది. ఎలిమెంటు కుదించుకుపోవాలి కదా?

కుదించుకుంటుంది, కానీ ఒక హద్దు వరకే. ఫ్లెక్స్ (పెట్టెలను వరుసగా పేర్చే లేఅవుట్) పిల్లల, అంటే దాని లోపలి పెట్టెల, మిన్-విడ్త్ విలువ మనం రాయకపోతే సున్నా కాదు, ఆటో. అంటే లోపలి సరుకులో విరగని అతి పెద్ద ముక్క ఎంత వెడల్పు ఉంటే అంతకంటే తగ్గనని అది భీష్మించుకుంటుంది. పొడవైన లింకు, వెడల్పాటి చిత్రం, కోడ్ పెట్టె, ఇవన్నీ అటువంటి ముక్కలే. ఆ పిల్లకు మిన్-విడ్త్: 0 అని రాయండి. ఫ్లెక్స్ లోపల ఫ్లెక్స్ ఉంటే దారిలో ఉన్న ప్రతి పెట్టెకూ రాయాలి, ఒక్కచోట వదిలినా గొలుసు తెగుతుంది. చాలామంది లోపలి ఎలిమెంటుకు రాసి, పనిచేయలేదని నిరాశపడేది ఇక్కడే.

పెట్టెలను గళ్లలో పేర్చే గ్రిడ్‌లోనూ ఇదే కథ, వేషం వేరు. 1ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అంటే మిన్‌మ్యాక్స్‌లో ఆటో, 1ఎఫ్‌ఆర్ అని రాసినట్టే. రెండు కాలమ్‌లు సమానంగా ఉండాలని రెండింటికీ 1ఎఫ్‌ఆర్ ఇస్తే, ఒకదానిలో పెద్ద ముక్క పడగానే అది పక్కదాన్ని తోసేస్తుంది. మిన్‌మ్యాక్స్‌లో 0, 1ఎఫ్‌ఆర్ అని రాస్తే మాట మీద నిలబడుతుంది.

నిలువు ఫ్లెక్స్‌లో మిన్-విడ్త్ బదులు మిన్-హైట్. చాట్ కిటికీలో సందేశాల భాగం లోపల స్క్రోల్ కాకుండా పేజీనే కిందికి నెట్టుకుపోతుంటే అనుమానించాల్సింది దీన్నే.

తెలుగు పేజీల్లో పొడవైన మాటలు పెట్టె దాటుతున్నాయి. ఎలా విరవాలి?

ఇంగ్లిష్ కోసం చేసిన థీమును తెలుగుకు వాడినప్పుడు మొదట తగిలే దెబ్బ ఇది. మన క్రియలు, సమాసాలు ఒకే మాటగా అల్లుకుపోతాయి. ‘పునర్వ్యవస్థీకరణ’, ‘నిర్ణయించుకోలేకపోతున్నామన్నారు’ వంటి మాటలు 360 పిక్సెళ్ల ఫోనులో పెద్ద అక్షరాల శీర్షికగా పెడితే వరుసలో పట్టవు. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి బ్రౌజర్ విరవదు, బయటికి తోసేస్తుంది.

ఓవర్‌ఫ్లో-వ్రాప్: ఎనీవేర్ వాడండి. మాట వరుసలో పట్టనప్పుడు మాత్రమే దాన్ని విరుస్తుంది. బ్రేక్-వర్డ్ అనే విలువ కూడా అలాగే విరుస్తుంది గానీ, ఫ్లెక్స్, గ్రిడ్ పెట్టెలు తమ కనీస వెడల్పును లెక్కించేటప్పుడు ఆ విరుపును పట్టించుకోవు. ఎనీవేర్ ఇస్తే పట్టించుకుంటాయి. వర్డ్-బ్రేక్: బ్రేక్-ఆల్ జోలికి మాత్రం వెళ్లకండి. అది అవసరం ఉన్నా లేకపోయినా వరుస చివర ఎక్కడపడితే అక్కడ మాటను తెగ్గొడుతుంది, చదవడానికి చిరాకు.

ఎక్కడ విరుస్తుందన్నది ఇంకో ప్రశ్న. గుణింతాన్ని హల్లు నుంచి విడదీయదు. సంయుక్తాక్షరాల విషయంలో మాత్రం పాత నియమాల ప్రకారం పొల్లు తరువాత కొత్త అక్షరం మొదలైనట్టే లెక్క. అందుకే పాత బ్రౌజర్లలో ‘క్ష’ విడిపోయి పొల్లుతో ‘క్’ పై వరుసలో, ‘ష’ కింది వరుసలో పడే ప్రమాదం ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించి తెలుగు, దేవనాగరి, మలయాళం సహా కొన్ని లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడమంది.

విరుపు మీ చేతిలో ఉండాలనుకుంటే శీర్షికలో సరైనచోట డబ్ల్యూబీఆర్ ట్యాగ్ పెట్టండి, లేదా సాఫ్ట్ హైఫెన్ వాడండి. మొదటిది గుర్తు లేకుండా విరుస్తుంది, రెండోది విరిచినచోట చిన్న గీత చూపిస్తుంది. పత్రికల కాలమ్‌లలో మాట విరిగి కింది వరుసకు రావడం తెలుగు పాఠకుడికి అలవాటే కాబట్టి నా ఓటు డబ్ల్యూబీఆర్‌కే. హైఫెన్స్: ఆటో పనిచేయాలంటే పేజీ భాష తెలుగు అని లాంగ్ అట్రిబ్యూట్‌లో చెప్పి ఉండాలి, పైగా బ్రౌజర్ దగ్గర తెలుగు విరుపుల నిఘంటువు ఉండాలి. అన్నిచోట్లా ఉంటుందని నమ్ముకోవద్దు.

శీర్షికల్లో ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఇదీ ఓవర్‌ఫ్లోనేనా?

అవును. పైగా తెలుగు సైట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించి, అన్నిటికంటే తక్కువగా సరిచేసే తప్పు ఇదే. ‘రాష్ట్రం’లో ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. ‘స్క్రోల్’లో స కింద క ఒత్తు, ర ఒత్తు. ఇంగ్లిష్ అక్షరాల కోసం లైన్-హైట్ 1.2గా బిగించిన పెట్టెలో ఇవి కింది అంచు దాటుతాయి. పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ లేకపోతే కింది వరుసలోని గుడులను తాకుతాయి. ఉంటే కత్తి వేటు పడినట్టు తెగుతాయి. ‘రాష్ట్రం’ ‘రాషం’గా కనిపిస్తే శీర్షిక రాసినవారిని తిట్టుకునే పాఠకులే ఎక్కువ.

తెలుగు వచనానికి లైన్-హైట్ 1.6 నుంచి 1.8 మధ్య, శీర్షికలకు కనీసం 1.4 ఉంచండి. తరువాత సంగతి ఫాంటు. పాఠకుడి పరికరంలో మీ వెబ్ ఫాంటు దిగకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి, మ్యాక్‌లో, ఐఫోన్లలో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో వంటివి ఆ చోటు భర్తీ చేస్తాయి. ఒక్కోదాని ఎత్తు, వెడల్పు ఒక్కో తీరు. అక్షరాల పరిమాణం ఒకటే అయినా మాట పట్టే చోటు మారుతుంది. కాబట్టి బటన్లకు, కార్డులకు, మెనూ వరుసలకు ఎత్తును పిక్సెళ్లలో బిగించకండి. హైట్ 40 పిక్సెళ్లు అని ఉన్నచోట మిన్-హైట్ 40 పిక్సెళ్లు అని మార్చి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. సరుకు పెరిగితే పెట్టే పెరుగుతుంది.

మీ డిజైనును పరీక్షించేటప్పుడు ‘హోమ్’, ‘వార్తలు’ వంటి సాధు పదాలతో సరిపెట్టకండి. ‘లక్ష్మీ’, ‘స్త్రీ’, ‘కృష్ణా’, ‘వైశిష్ట్యం’ పెట్టి చూడండి.

శీర్షిక పొడవైతే చివర మూడు చుక్కలు రావాలి. రావడం లేదు.

ఒకే వరుసకైతే మూడూ కలిసి ఉండాలి: టెక్స్ట్-ఓవర్‌ఫ్లో: ఎలిప్సిస్, ఓవర్‌ఫ్లో: హిడెన్, వైట్-స్పేస్: నోవ్రాప్. ఫ్లెక్స్ లోపల అయితే మిన్-విడ్త్: 0 కూడా. ఇక్కడ ఒత్తులు తెగితే ఒక ఉపాయం ఉంది. హిడెన్ కత్తిరించేది ప్యాడింగ్ అంచు దగ్గర కాబట్టి, అడుగున కాస్త ప్యాడింగ్ ఇస్తే ఒత్తులకు చోటు దొరుకుతుంది.

రెండు మూడు వరుసల తరువాత ఆపాలంటే వెబ్‌కిట్-లైన్-క్లాంప్ వాడతారు. అందులో ఈ ఉపాయం ఎదురు తిరుగుతుంది. దాగిన తరువాతి వరుస తలకట్లు ఆ ప్యాడింగ్ సందులోంచి తొంగిచూస్తాయి. అక్కడ లైన్-హైట్ పెంచడమే దారి.

పట్టిక ఫోనులో పట్టడం లేదు. ఏం చేయాలి?

పట్టికను ఒక డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కు ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో ఇవ్వండి. పేజీ కదలదు, పట్టిక మాత్రమే పక్కకు జరుగుతుంది. కీబోర్డుతో కూడా జరపగలిగేలా ఆ డివ్‌కు ట్యాబ్‌ఇండెక్స్ 0, రోల్ రీజియన్, ఒక పేరు ఇవ్వండి. పక్కన ఇంకా ఉందని పాఠకుడికి తెలియడానికి చివరి కాలమ్ సగం కనిపించేలా వెడల్పులు సర్దడం మంచిది. ఫోన్లలో స్క్రోల్‌బార్ కనిపించదు కాబట్టి ఆ సూచన లేకపోతే పట్టిక అక్కడితో అయిపోయిందనుకుంటారు. ప్రీ ట్యాగులో పెట్టిన కోడ్‌కూ ఇదే వైద్యం.

కుడివైపు నుంచి జారి వచ్చే మెనూ మూసి ఉన్నప్పుడు కూడా స్క్రోల్ తెస్తోంది.

ట్రాన్స్‌ఫార్మ్‌తో దాన్ని కుడి అంచు బయట నిలబెట్టి ఉంటారు. పొజిషన్ అబ్సొల్యూట్ అయితే ఫిక్స్‌డ్‌గా మార్చి, మూసి ఉన్నప్పుడు విజిబిలిటీ హిడెన్ కూడా ఇవ్వండి. రెండోది స్క్రోల్ కోసం కాదు, మూసిన మెనూ లోపలి లింకుల మీదికి ట్యాబ్ వెళ్లకుండా. మెనూను ఎడమ నుంచి రప్పిస్తే ఈ బాధే ఉండదని ఇప్పటికే ఊహించి ఉంటారు.

బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్కులో ఏమీ మార్చకుండానే కొద్దిపాటి అడ్డ స్క్రోల్ వచ్చింది.

రో అనే క్లాసుకు రెండు పక్కలా నెగటివ్ మార్జిన్ ఉంటుంది. దాన్ని మింగడానికి బయట కంటైనర్ ఉండాలి. కంటైనర్ లేకుండా రో వాడారు, లేదా కంటైనర్ ప్యాడింగ్ కంటే పెద్ద గటర్ (కాలమ్‌ల మధ్య సందు) ఎంచుకున్నారు.

ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినప్పుడు లోగో కొద్దిగా పక్కకు గెంతుతోంది.

పొట్టి పేజీలో నిలువు స్క్రోల్‌బార్ ఉండదు, పొడవు పేజీలో ఉంటుంది. ఆ తేడాలో సగం మేర మధ్యలో ఉన్నవన్నీ జరుగుతాయి. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంటుకు స్క్రోల్‌బార్-గటర్: స్టేబుల్ అని రాయండి. స్క్రోల్‌బార్ ఉన్నా లేకున్నా దాని చోటు దానికి కేటాయించి ఉంటుంది. క్రోమ్‌లో 2021లో, ఫైర్‌ఫాక్స్‌లో 2022లో వచ్చింది, సఫారీ 18.2తో 2024 చివర్లో చేరింది. అంతకుముందు అందరూ వాడిన ఓవర్‌ఫ్లో-వై: స్క్రోల్ ఇప్పటికీ పనిచేస్తుంది, పొట్టి పేజీలోనూ ఖాళీ స్క్రోల్‌బార్ కనిపిస్తుందన్నదే లోపం.

పాపప్ తెరిచినప్పుడు వెనుక పేజీ స్క్రోల్ అవుతోంది.

పాపప్ తెరిచి ఉన్నంతసేపు బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ ఇవ్వడం వాడుక. డైలాగ్ ఎలిమెంటు వాడుతుంటే, తెరిచిన డైలాగ్ ఉన్న బాడీ అని హ్యాజ్ సెలెక్టర్‌తో ఒక్క నియమం రాస్తే జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. డైలాగ్‌ను తెరిచే షోమోడల్‌ను పిలిచినంత మాత్రాన బ్రౌజర్ వెనుక స్క్రోల్‌ను ఆపదు, అది మనమే చేయాలి. స్క్రోల్‌బార్ పోయి పేజీ గెంతకుండా పైన చెప్పిన స్క్రోల్‌బార్-గటర్ నియమం ఇక్కడా ఆదుకుంటుంది.

పాపప్ లోపల సొంత స్క్రోల్ ఉంటే దానికి ఓవర్‌స్క్రోల్-బిహేవియర్: కంటైన్ ఇవ్వండి. లోపలిది చివరికి చేరాక వెనుక పేజీ కదలడం మొదలుపెట్టకుండా ఆపుతుంది. పాత ఐఫోన్లలో సఫారీ బాడీ మీద పెట్టిన హిడెన్‌ను పెద్దగా ఖాతరు చేసేది కాదు. ఆ పరికరాలు మీకు ముఖ్యమైతే బాడీని ఫిక్స్‌డ్‌గా మార్చి, స్క్రోల్ ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, మూసినప్పుడు తిరిగి అక్కడికి చేర్చాలి.

ఎత్తు 100వీహెచ్ ఇస్తే ఫోనులో అడుగు బటన్ కనిపించడం లేదు.

ఫోను బ్రౌజర్లలో వీహెచ్ అంటే అడ్రస్ బార్ ముడుచుకున్నప్పటి పెద్ద ఎత్తు. అది తెరుచుకుని ఉన్నప్పుడు పేజీ అడుగు భాగం తెర కిందికి పోతుంది. ఎస్‌వీహెచ్ అన్నిటికంటే చిన్న ఎత్తును, డీవీహెచ్ ఆ క్షణానికి ఉన్న ఎత్తును ఇస్తాయి. 2022 చివరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చాయి. బటన్ తప్పక కనిపించాలంటే ఎస్‌వీహెచ్ ఎంచుకోండి. డీవీహెచ్ అడ్రస్ బార్ కదిలినప్పుడల్లా లేఅవుట్‌ను కదిలిస్తుంది.

స్క్రోల్‌బార్ రంగు మార్చవచ్చా? మొత్తానికే దాచేయవచ్చా?

రంగుకు స్క్రోల్‌బార్-కలర్, సన్నగా చేయడానికి స్క్రోల్‌బార్-విడ్త్: థిన్. ఫైర్‌ఫాక్స్‌లో 2018 నుంచి, క్రోమ్‌లో 2024 మొదట్లో వచ్చిన 121వ వెర్షన్ నుంచి ఉన్నాయి. పాత వెబ్‌కిట్-స్క్రోల్‌బార్ నియమాలు కూడా మీ ఫైలులో ఉంటే, కొత్త క్రోమ్‌లో ఈ రెండు ప్రాపర్టీలదే పైచేయి. అలంకారం ఉన్నట్టుండి పోయిందని కంగారు పడేవారు ఇది చూసుకోవాలి.

దాచడానికి స్క్రోల్‌బార్-విడ్త్: నన్ ఉంది. స్క్రోల్ పనిచేస్తూనే ఉంటుంది, బార్ మాత్రం కనిపించదు. చిత్రాల వరుసలకు పర్వాలేదు గానీ ప్రధాన పేజీకి వద్దు. చక్రం లేని మౌసుతో, వణికే చేతితో బార్‌ను పట్టుకుని లాగేవారు ఇంకా ఉన్నారు.

మధ్యలో అమర్చిన మెనూ చిన్న తెర మీద ఎడమవైపు తెగిపోతోంది. స్క్రోల్ చేసినా ఆ భాగం రాదు.

జస్టిఫై-కంటెంట్: సెంటర్ వల్ల మిగులు రెండు పక్కలకూ సమానంగా పోతుంది. ఎడమ మిగులుకు స్క్రోల్ చేరదని మొదటి ప్రశ్నలోనే చూశాం. సెంటర్ ముందు సేఫ్ అని చేర్చండి, చోటు చాలనప్పుడు ఎడమ అంచు నుంచి మొదలవుతుంది.

అన్నీ సరిచేశాను. నా కంప్యూటర్‌లో ఎంత వెతికినా ఓవర్‌ఫ్లో లేదు. పాఠకులు మాత్రం ఇంకా ఫిర్యాదు చేస్తున్నారు.

ప్రకటనలను చూడండి. 728 పిక్సెళ్ల వెడల్పున్న బ్యానర్ 360 పిక్సెళ్ల ఫోనులోకి వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మీ బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ ఉంటే అది మీకు ఎప్పటికీ కనిపించదు. ప్రకటన వచ్చే డివ్‌కు మ్యాక్స్-విడ్త్ 100 శాతం, ఓవర్‌ఫ్లో క్లిప్ ఇచ్చి, చిన్న తెరలకు చిన్న పరిమాణాన్నే పంపమని ప్రకటన సెట్టింగ్స్‌లో పెట్టండి.

అదీ కాకపోతే వారు పేజీని జూమ్ చేసి చదువుతుండవచ్చు. 1280 పిక్సెళ్ల తెరను 400 శాతం జూమ్ చేస్తే పేజీకి మిగిలేది 320 పిక్సెళ్లే. ఆ వెడల్పులో వచనం రెండు దిక్కులా స్క్రోల్ చేయకుండా చదవగలగాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండడానికి రూపొందించిన 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం చెబుతోంది. పటాలు, సమాచార పట్టికల వంటివాటికి మినహాయింపు ఉంది. మీ కంప్యూటర్‌లోనే కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కుతూ 400 దాకా వెళ్లి మొదటి పేరా చదివి చూడండి.